అదెంతసేపుగారి పెద్ద క్యూబు

మామగారి లెక్కలో ఈ లోకంలో ఎక్కువసేపు పట్టే పని అంటూ ఒక్కటీ లేదు. కుళాయి కారుతోందనండి, కుర్చీ కాలు ఊగుతోందనండి, చంద్రుడి దాకా నిచ్చెన వెయ్యాలనండి, ఆయన నోట వచ్చేది ఒకే మాట: "అదెంతసేపు!" ఆ మాట అనడం, చొక్కా చేతులు పైకి మడవడం ఒకేసారి జరుగుతాయి. మడిచిన చేతులు మళ్ళీ ఎప్పుడు కిందికి దిగుతాయో మాత్రం ఎవరూ చెప్పలేరు. తలుపు మీద ఇత్తడి పలక వేయించుకున్నా సరే, ఆ భవనంలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఉత్తరాలిచ్చే మనిషి దగ్గర్నుంచి పై అంతస్తు ముసలావిడ దాకా అందరికీ ఆయన అదెంతసేపుగారే.

కోడలు ఆ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు ఈ సంగతి తెలియక, వంటింటి కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోందని నోరు జారింది.

"అదెంతసేపు అమ్మాయ్!" అన్నారు మామగారు.

మధ్యాహ్నానికి వంటింట్లో నీళ్ళు ఆగిపోయాయి. సాయంత్రానికి భవనం మొత్తానికి ఆగిపోయాయి. అత్తగారు మాత్రం ఏమీ కంగారుపడకుండా మంచం కిందనుంచి నిండు బకెట్లు ఒక్కొక్కటే బయటికి లాగింది.

"ఇవెప్పుడు నింపారత్తయ్యా?" అని ఆశ్చర్యపోయింది కోడలు.

"ఆయన చొక్కా చేతులు మడుస్తుండగా. నువ్వూ అలవాటు చేసుకో తల్లీ, ముందుంది ముసళ్ళ పండగ," అంది అత్తగారు.

అలాగని చేతకాని మనిషా అంటే, అదీ కాదు. రిటైరయ్యేదాకా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఆయన చెయ్యి పడని లిఫ్టు లేదు. ఒకసారి పళ్ళ డాక్టరుగారు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయి "నాకు ఊపిరాడటం లేదు, నేను పోతున్నా" అని గావుకేకలు పెడుతుంటే, మామగారు తలుపు సందులో నోరు పెట్టి "అదెంతసేపు డాక్టరుగారూ! ఇదిగో, ఈ తీగ ఎందుకుందంటే..." అని మొదలుపెట్టారు. లిఫ్టు కదిలేసరికి పొద్దు వాలింది. డాక్టరుగారు పోలేదు సరిగదా, అంతసేపూ విన్న పాఠంతో సగం మెకానిక్కై బయటికొచ్చారు. ఇప్పటికీ ఏ లిఫ్టు ఎక్కినా గోడకి చెవి ఆనించి, "దీని బేరింగు పోయేలా ఉందే," అంటుంటారట.

పని ఎంతసేపు పట్టినా ఫరవాలేదు, దాని గురించి చెప్పడానికి అంతకు రెండింతలు పడుతుంది, అదీ అసలు చిక్కు. ఎంత చిన్న పని చేసినా మామగారు దాన్ని మొదట్నుంచీ వివరంగా చెప్పుకోవాలి. గోడకి మేకు కొడితే ఆ మేకు చరిత్ర వినాలి. కొడుకు రొట్టెల బేకరీలో పనిచేస్తాడు, తెల్లవారకముందే వెళ్ళాలి కాబట్టి అతను నిద్ర పేరు చెప్పి తప్పించుకునేవాడు. అత్తగారు సగం వినీ సగం వినకా ఊఁ కొట్టడంలో ఆరితేరిపోయింది. కోడలు మాత్రం ఎదుటివాళ్ళ మాట మధ్యలో లేవలేని మనిషి. అందుకని ఆయన గొంతు సవరించుకుంటుండగానే, అసలు కూర్చోకుండానే, చెప్పులేసుకునేది.

ఈ మధ్య కొన్నాళ్ళుగా ఆయన గొప్పలన్నీ ఒక చిన్న వస్తువు చుట్టూ తిరుగుతున్నాయి. అదే రంగుల క్యూబు. ఒక్కో ముఖాన తొమ్మిది గళ్ళుండే చిన్నది. తిప్పి తిప్పి కలిపేస్తే, మళ్ళీ తిప్పి తిప్పి ఏ రంగుకి ఆ రంగు సర్దాలి. రిటైరయ్యాక చేతులు ఊరుకోక దాన్ని పట్టుకున్నారు, పట్టు చిక్కించుకున్నారు. ఇక ఊరుకుంటారా! బ్యాంకు వరసలో నిలబడి ముందున్న వాళ్ళ భుజం తట్టి చేసి చూపించడం, మంగలి కత్తెర ఆడిస్తుండగా దుప్పటి కింద చేసి ఠక్కున పైకి తీయడం! "నా కళ్ళు కూడా చూళ్ళేదు చూశావా, చేతులే చేసేశాయి!" అనడం. పక్క కుర్చీ దగ్గరి మంగలి ఆ అదిరిపాటుకి ఒకాయన మీసం సగం తీసేశాడని వినికిడి.

ఇక కోడలి సంగతి. ఆమె డ్రైవరు. పెళ్ళికి ముందునుంచే బడిపిల్లల వ్యాను నడిపేది. ఇరుకు సందులు, అడ్డంగా పరిగెత్తే పిల్లలు, వెనక సీట్లో కొట్లాటలు, ఏదైనా సరే ఆమె చేతిలో వ్యాను చెప్పినమాట వినేది. అయితే ఆమె మనసంతా సిటీ బస్సు మీద. ఎత్తైన సీటు, ఇంత చక్రం, నిండా జనం. చిన్నప్పట్నుంచీ ఉన్న కోరిక. డిపోలో శిక్షణకి తీసుకున్నారు. రోడ్డు మీద నడపడం వచ్చేసింది. వెనక్కి పెట్టడమే రాలేదు. రెండు వరసల డ్రమ్ముల మధ్యకి బస్సుని వెనక్కి నడిపి తిన్నగా నిలపాలి. మొదటిసారి పరీక్షలో డ్రమ్ము దొర్లింది. రెండోసారి బస్సు వంకరగా దూరింది. కాస్త అటూ కాస్త ఇటూ సర్దుతూండగానే టైమైపోయింది. మిగిలింది ఒక్క పరీక్ష. అది కూడా పోతే మళ్ళీ రావడానికి వయసు దాటిపోతుంది. ఇక జన్మలో ఆ సీటు లేదు.

రెండోసారి పోయిన రోజు ఆమె ఇంటికి వచ్చి సంచీ ఒక మూల, చెప్పులు ఒక మూల విసిరేసింది.

"నేను పేరు వెనక్కి తీసేసుకుంటానత్తయ్యా. మూడోసారి కూడా నవ్వులపాలు కావడం నావల్ల కాదు."

"ముందు ఈ టీ తాగు," అంది అత్తగారు.

"ఈ ఇంట్లో ఎవరికి ఏది రాలేదని? ఆయన రొట్టె ఎప్పుడన్నా మాడిందా? మామయ్య చేతిలో లిఫ్టు ఎప్పుడన్నా కదలకుండా పోయిందా? నేనొక్కదాన్నే చేతకానిదాన్ని!"

మామగారు క్యూబు తిప్పడం ఆపారు. "చేతకాకపోవడమేంటమ్మాయ్! వ్యాను వచ్చుగా నీకు. బస్సంటే ఏంటి? కాస్త పెద్ద వ్యాను. అదెంతసే..."

"అనొద్దు మామయ్యా!" అంది కోడలు. "మీకు అన్నీ అదెంతసేపే. పెద్దది వేరు, చిన్నది వేరు. ఆ చేతిలో ఉన్న చిన్నదాన్ని అందరికీ చూపిస్తారుగా. షాపులో దానికన్నా పెద్దది ఉంది, నేను చూశాను. అది చేసి చూపించండి. అప్పుడు అనండి ఆ మాట!"

ఇంట్లో ఎవరూ ఆయనతో అంత మాట ఎప్పుడూ అనలేదు. మామగారు మాత్రం నొచ్చుకోలేదు. ఆయన కళ్ళు మెరిశాయి.

"సరే. పందెం. నేను పెద్ద క్యూబు ముందు చేస్తానా, నువ్వు బస్సు ముందు వెనక్కి పెడతావా, చూద్దాం. తేలేదాకా నువ్వు పేరు తీసుకోకూడదు, నేను క్యూబు కింద పెట్టకూడదు."

"మీకు రెండు రోజుల్లో వచ్చేస్తుంది."

"రెండు రోజులా! రేపు సాయంత్రానికి..." అని అత్తగారి మొహం చూసి మాట మార్చారు, "...చూద్దాంలే."

మర్నాడే పెద్ద క్యూబు వచ్చింది. ఒక్కో ముఖాన పదహారు గళ్ళు. చిన్నదాంట్లో ముఖం నడిమి గడి కదలదు. ఇంటిపెద్దలా అక్కడే కూర్చుని, ఇది ఎర్రవాళ్ళ ఇల్లు, అది తెల్లవాళ్ళ ఇల్లు అని దారి చెబుతుంది. పెద్దదాంట్లో నడుమ నాలుగు గళ్ళు. ఆ నాలుగూ నాలుగు దిక్కులకి పోయే రకం. ఏ ఇల్లు ఎవరిదో చెప్పేవాడే లేడు. ఈ మాట మామగారికి మొదటిరోజు తెలీదు. తెలీదని కూడా తెలీదు. చొక్కా చేతులు మడిచారు. అత్తగారు అలవాటుకొద్దీ బకెట్ల దగ్గరికి వెళ్ళి, ఇది నీళ్ళ పని కాదని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

వారం తిరిగేసరికి ఆరు నడిమి చదరాలూ కుదిరాయి. మామగారు ఇంటిల్లిపాదినీ పిలిచారు. "అయిపోయినట్టే! ఇక మూలలు పెట్టడమేగా." అయితే మూలలు పెట్టబోతే ఒక్కటీ కుదరదే! ఒక రంగు సరిపోతే రెండోది సరిపోదు, రెండోది సరిపోతే మూడోది మొరాయిస్తుంది. మూడు రోజులు చూసి, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని తేల్చేశారు. ఫ్యాక్టరీ వాళ్ళే రంగులు తప్పుగా అతికించారు! తిన్నగా బొమ్మల షాపుకి నడిచారు.

షాపు యజమానురాలు ఆయన ఉపన్యాసమంతా విని, గాజు బీరువాలోంచి ఒక చిన్న క్యూబు తీసి పక్కన పెట్టింది. "మీరు నీలానికీ ఆకుపచ్చకీ ఇళ్ళు మార్చేశారండీ. నీలం ఉండాల్సిన చోట ఆకుపచ్చని కూర్చోబెట్టారు. ఇక మూలలెలా కుదురుతాయి?"

మామగారు రెండిటినీ మార్చి మార్చి చూశారు. గొంతు సవరించుకున్నారు.

"నాకు తెలుసమ్మా. మీకు తెలుసో లేదో చూద్దామని వచ్చాను."

ఆ సాయంత్రం కోడలు డిపో నుంచి వచ్చేసరికి ఆయన వారం రోజుల పనినంతా కరకరా విప్పేస్తున్నారు. ఒక్కొక్క ముఖమూ చెదిరిపోతుంటే చూసే ఆమెకే ప్రాణం ఉసూరుమంది.

"అయ్యో, అదంతా పాడు చేస్తున్నారేంటి మామయ్యా! ఇన్నాళ్ళ కష్టం!"

"కష్టం ఎక్కడికి పోతుందమ్మాయ్? చేతుల్లోనే ఉంటుంది. పోయేది రంగులేగా," అన్నారు, తలెత్తకుండా. "నీ సంగతేంటి?"

"రెండు డ్రమ్ములు దొర్లించాను."

"రెండేగా!"

అప్పట్నుంచి అదో ఆనవాయితీ అయింది. ఆమె రావడం, ఆయన తలుపు తీయడం, ఇద్దరూ టీ గ్లాసులతో వసారాలో కూర్చుని ఎవరి ఓటమి వాళ్ళు చెప్పుకోవడం.

"ఎడమ అద్దంలో బాగానే కనిపించింది మామయ్యా. కుడివైపు వెనక చక్రం గీత దాటేసింది."

"నాకు పెళ్ళిళ్ళ గోలమ్మా. పెద్దదాంట్లో అంచు ముక్కలు రెండేసి ఉంటాయి. ఒకే రంగువాటిని వెతికి జతలు కలపాలి. ఇటు ఒక జంటని కలుపుతానా, అటు కాపురం చేసుకుంటున్న జంట విడిపోతుంది."

"మరేం చేస్తారు?"

"పెళ్ళిళ్ళ పేరయ్య ఏం చేస్తాడు? మళ్ళీ తిరగడమే."

కోడలు నవ్వేది. డిపోలో ట్రైనరు ముందు పడ్డ చిన్నతనమంతా అక్కడితో సగం కరిగిపోయేది. ఆ ట్రైనరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తప్పు చేస్తే "హుఁ" అంటాడు, బాగా చేస్తే "హుఁ" అంటాడు. ఏ హుఁ ఏదో తెలుసుకోవడానికే ఆమెకి చాలా రోజులు పట్టింది.

ఇంకొన్నాళ్ళకి మామగారు చివరిదాకా వచ్చారు. అన్ని ముఖాలూ కుదిరాయి, అన్ని జంటలూ ఇళ్ళు చేరాయి. ఒక్క జంట మాత్రం అటు తిరగాల్సింది ఇటు తిరిగి, వీధి గుమ్మంలోకి వీపు పెట్టి కూర్చుంది. ఎర్ర ముఖంలో రెండు తెల్ల గళ్ళు, తెల్ల ముఖంలో రెండు ఎర్ర గళ్ళు. చిన్న క్యూబులో ఇలాంటి అలక ఎప్పుడూ రాదు. పెద్దదాంట్లోనే వస్తుంది. దాని అలక తీర్చాలంటే ఒక పెద్ద మెలికల వరస ఉంది. అది మొదలుపెడితే కుదిరిన ముఖాలన్నీ ఒకసారి చెల్లాచెదరైపోతాయి. చివరిదాకా తప్పకుండా తిప్పితేనే తిరిగి కూడుకుంటాయి. మధ్యలో ఒక్కటి తప్పితే సర్వనాశనం.

"మళ్ళీ తప్పిందమ్మాయ్," అనేవారు మామగారు రోజూ తలుపు తీస్తూనే. క్యూబులో ఆ జంట అలాగే అలిగి కూర్చుని ఉండేది. "ఈ ఒక్కటీ! ఈ ఒక్క జంటా నా ప్రాణం తీస్తోంది!"

"వస్తుందిలెండి మామయ్యా. అదెంతసేపు!" అనేది కోడలు, ఆయన మాట ఆయనకే అప్పచెబుతూ.

పరీక్ష దగ్గరపడింది. ఆ వారం ఆమె చేతికి ఏమైందో ఏమో, వచ్చిందనుకున్నది కూడా రావడం మానేసింది. ఒక పొద్దున వరసగా మూడుసార్లు అదే డ్రమ్మునే గుద్దింది. ట్రైనరు హుఁ అని కూడా అనలేదు. అదీ చాలదన్నట్టు శిక్షణ బస్సు ఇంజను మొరాయించి, అందర్నీ మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. ఇంటికి నడుస్తూ కోడలు గట్టిగా నిర్ణయించుకుంది. పందెం లేదు, గిందెం లేదు. పేరు తీసేసుకుంటుంది. ఆ మాట మామగారికి ఎలా చెప్పాలో దారిపొడుగునా పాఠంలా వల్లెవేసుకుంది.

వాళ్ళది కింది అంతస్తు. వసారా కిటికీ నడవలోకి ఉంటుంది. బెల్లు నొక్కబోతూ ఆమె యథాలాపంగా తెరిచి ఉన్న కిటికీలోంచి లోపలికి చూసి ఆగిపోయింది.

మామగారు కుర్చీలో నిటారుగా కూర్చుని పెద్ద క్యూబు తిప్పుతున్నారు. తిప్పడం అంటే అలా ఇలా కాదు. వేళ్ళు కనిపించడం లేదు. అలిగిన జంట దగ్గరికి వచ్చారు, ఆ పెద్ద మెలికల వరస అందుకున్నారు, ముఖాలన్నీ చెల్లాచెదరయ్యాయి, మళ్ళీ ఒక్కొక్కటే కూడుకున్నాయి. చివరి మెలిక పడింది. ఆరు ముఖాలు, ఆరు రంగులు. ఎక్కడా ఒక్క గడి తేడా లేదు. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూపించారు.

ఎదురుగా కూర్చున్న అత్తగారు చప్పట్లు కొడుతోంది. చప్పుడు మాత్రం లేదు. రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, తగలనివ్వకుండా ఆపి, మళ్ళీ దూరం చేస్తోంది. మామగారు గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి దండం పెట్టారు.

"ఇవాళ నిన్నటికన్నా వేగం. చూశావా?" అన్నారు గుసగుసగా.

"చూశాను. నెల్లాళ్ళనుంచీ చూస్తూనే ఉన్నాను," అంది అత్తగారు, అంతే గుసగుసగా. "ఇప్పుడైనా ఆ పిల్లకి చెప్పకూడదూ? గొప్ప చెప్పుకోక కడుపు ఉబ్బిపోతోంది మీకు, నాకు తెలుసు."

"చెబితే? ఇంట్లో రానిది తనొక్కతికే అయిపోదూ? పరీక్ష అయ్యేదాకా నాకూ రాదు. అంతే."

"పై అంతస్తావిడకైనా చెప్పుకోండి పోనీ."

"ఆవిడకి చెబితే మీటింగు పెట్టినట్టే."

అని ఆయన చేతిలో ఉన్నదాన్ని ఇంకోసారి, కడసారిగా చూసుకున్నారు. ఒక పెద్ద నిట్టూర్పు విడిచారు. తర్వాత అదే మెలికల వరసని మళ్ళీ తిప్పి, ఎంతో జాగ్రత్తగా, ఒక్క జంటకి మాత్రం అలక తెప్పించి బల్ల మీద పెట్టారు.

కోడలికి మొదట ఒళ్ళు మండింది. నన్ను చిన్నపిల్లని చేసి ఆడిస్తున్నారా వీళ్ళిద్దరూ అనుకుంది. మరుక్షణం ఆమెకి అసలు సంగతి తట్టింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి! మేకు కొడితే ముగ్గురికి చెప్పుకునే మనిషి! జన్మలోకెల్లా పెద్ద గొప్ప చేతికి చిక్కితే నెల్లాళ్ళుగా దాన్ని నోట్లోనే నొక్కిపెట్టుకుని, రోజూ తన చేత్తో తనే చెడగొట్టుకుని, కోడలి ముందు చేతకానివాడిలా కూర్చుంటున్నారు. ఎవరికోసం? ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటితోబాటే ఆ చప్పుడు లేని చప్పట్లు గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని మెట్ల మీదికి పోయి కూర్చుంది. రోజూ వచ్చే వేళ అయ్యేదాకా అక్కడే ఉండి, అప్పుడు వచ్చి బెల్లు నొక్కింది.

తలుపు తీస్తూనే మామగారు తల బాదుకున్నారు. "మళ్ళీ తప్పిందమ్మాయ్! ఈ ఒక్క జంటా!"

"అయ్యయ్యో! మళ్ళీనా!" అంది కోడలు. ఆమె కూడా తక్కువ తినలేదు, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని మరీ అంది. "ఏంటి మామయ్యా, అంత కష్టమా అది?"

"అబ్బో, నీకేం తెలుసు. మహా మహావాళ్ళే చేతులెత్తేస్తారట. నీ సంగతేంటి?"

దారిపొడుగునా వల్లెవేసుకున్న పాఠం ఆమెకి ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"మూడుసార్లు గుద్దాను," అంది. "రేపు ఇంకాస్త ముందే వెళ్తాను."

పరీక్షరోజు పొద్దున ఆమె బస్సెక్కి సీటు సర్దుకుంది. ఈసారి వస్తుందని ఆమెకి ఎందుకో గట్టి నమ్మకం కుదిరింది. గేరు వెనక్కి వేసింది. బస్సు కదిలింది. సగం దూరాక కుడి అద్దంలో చూస్తే వెనక చక్రం పక్కకి జరుగుతోంది. మళ్ళీ అదే వంకర. పోయినసారి ఇక్కడే కాస్త అటూ కాస్త ఇటూ సర్ది సర్ది కొంప ముంచుకుంది. ఇంతవరకూ వచ్చినదాన్ని వదులుకోవడానికి అప్పుడు ప్రాణం ఒప్పలేదు. ఇప్పుడు ఆమె కళ్ళముందు మామగారి వేళ్ళు ఆడాయి. ఒక్క జంట కోసం ఆరు ముఖాలూ ఏమాత్రం బెదరకుండా చెదరగొట్టే వేళ్ళు.

ఆమె గేరు మార్చి బస్సుని బయటికి, మొదలుపెట్టిన చోటుకి, తీసుకుపోయింది.

"ఏమ్మా, వెళ్ళిపోతున్నావా?" అని కిందనుంచి అరిచాడు ట్రైనరు. అతని నోట అన్ని మాటలు రావడం అదే మొదలు.

"లేదు సార్. మళ్ళీ మొదట్నుంచి. టైముందిగా?"

"ఉంది."

రెండోసారి బస్సు డ్రమ్ముల మధ్యకి వెనక్కి వచ్చి, అద్దం రెండువైపులా ఒకే సందు చూపిస్తుండగా, తిన్నగా నిలబడింది. ట్రైనరు ముందునుంచీ చూశాడు, వెనకనుంచీ చూశాడు. వంగి గీత చూశాడు.

"హుఁ," అన్నాడు. అది ఏ హుఁ అన్నది ఆమెకి వెంటనే తెలిసిపోయింది.

ఇంట్లో అడుగుపెట్టి "మామయ్యా, పాసయ్యాను!" అనేసరికి ఆయన కుర్చీలోంచి లేచిన వేగానికి కుర్చీ బోర్లా పడింది. తిన్నగా నడవలోకి పరిగెత్తారు. "మా కోడలు బస్సు డ్రైవరు! పందెం ఓడిపోయాను! చిత్తుగా ఓడించేసింది నన్ను!" అని పై అంతస్తు దాకా వినబడేలా కేకలు. తలుపులు తెరుచుకున్నాయి. అదెంతసేపుగారు తను ఓడిపోయానని చాటుకోవడం ఆ భవనం పుట్టాక ఎవరూ వినలేదు. ముసలావిడ దిగివచ్చి ఆయన నుదురు తాకి చూసి, జ్వరం లేదని తేల్చి, అప్పుడు కోడల్ని ముద్దుపెట్టుకుంది.

అందరూ వెళ్ళాక మామగారు బల్ల మీద క్యూబు తీసుకుని, "ఇక నాదే మిగిలింది. నాకు ఎప్పటికొస్తుందో ఏమో," అన్నారు.

కోడలు ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కిటికీలోంచి చూశాను మామయ్యా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎప్పుడు?"

"ట్రైనింగు బస్సు చెడిపోయిన రోజు."

"ఎంతవరకు చూశావు?"

"అత్తయ్య చప్పట్ల దాకా. ఆ తర్వాత మీరు మళ్ళీ చెడగొట్టడం దాకా. ఆవేళ పేరు తీసేసుకుందామని వచ్చాను. మిమ్మల్ని చూశాక నోరు రాలేదు."

మామగారు తల దించుకున్నారు. క్యూబుని ఇటు తిప్పారు, అటు తిప్పారు. నెమ్మదిగా తలెత్తారు.

"అయితే... చూశావన్నమాట."

"చూశాను."

"ఎలా ఉంది?"

"అద్భుతం మామయ్యా. కళ్ళు తిరిగాయి."

"ఎడమ చెయ్యి గమనించావా?"

"లేదే!"

"అయ్యో రామా! అసలు కిటుకంతా ఎడమచేతిలోనే ఉంది!" అన్నారు మామగారు. అంతే, ఆనకట్ట తెగింది. నెల్లాళ్ళుగా నోట్లో కుక్కుకున్న గొప్పలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వచ్చాయి. మొదటి జంట ఎలా కలిసిందీ, రెండోది ఎలా విడిపోయిందీ, అలక తీరే మెలిక వంటింట్లో టీ మరుగుతుండగా ఎలా తట్టిందీ. అత్తగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, ఇక ఈ పిల్ల చెప్పులేసుకుంటుందేమోనని చూసింది. కోడలు కదల్లేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. మామగారు ఊపిరి తీసుకోవడానికి ఒకచోట ఆగితే, "తర్వాత?" అంది.

ఆ ఇంట్లో అంతవరకూ ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మామగారు ఒక్క క్షణం తడబడి, తర్వాత ఏం జరిగిందో వెతుక్కోవలసివచ్చింది.